ఏముందో తెలియని డబ్బా

మా అత్తమ్మకు ఈ సంగతి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. జపానులో ఒకరోజు హోటల్ నుంచి అన్నం తెచ్చుకుని తిన్నామని చెప్పానంతే. అది మామూలు హోటల్ కాదనీ, పొద్దు గూకితే ఆడా మగా పక్కపక్కన కూర్చుని మందు తాగే దుకాణమనీ చెప్పలేదు. చెబితే ఆ మాట గద్వాలలో మొదలై, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలులో మా పుట్టింటి దాకా ఒక్క పూటలో చేరిపోతుంది, "మీ బిడ్డ కల్లు కాంపౌండుల అన్నం తిన్నదట" అని. కళ్లద్దాలు మార్పించుకునే దాకా ఆమె పేపరు పట్టుకోదు కనుక ధైర్యం చేసి రాస్తున్నాను.

మా తమ్ముడికి టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిషి కసాయి అనే పేటలో ఉంటాడు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడిపోతాయని ప్రపంచమంతా హడావుడి పడ్డ రోజుల నుంచి మన దేశం వాళ్లు అక్కడ చేరడం మొదలుపెట్టారు. ఇప్పుడు కందిపప్పు, చింతపండు కోసం ఊరు దాటాల్సిన పని లేదు. మరదలికి బాబు పుట్టాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అంతసేపు విమానంలో కూర్చోలేదు. అందుకని 2024 దసరా సెలవులు కలిసొచ్చేలా చూసుకుని, పిల్లల్నీ మావారినీ అత్తమ్మకు అప్పగించి నేనే వెళ్లాను. 20 రోజులు. పెళ్లయిన 17 ఏళ్లలో నా వంటింటిని అన్ని రోజులు వదిలింది అదే మొదటిసారి.

అక్కడికి వెళ్లి చేసిందీ వంటే అనుకోండి. బాలింతకు ఇంత వాము, ఇంత వెల్లుల్లి కారం, నాలుగు రోజులకోసారి మెంతికూర పప్పు. పన్నెండో రోజో పదమూడో రోజో మధ్యాహ్నం మరదలు అంది, "వదినా, ఈరోజు పొయ్యి ముట్టించకు. ఒక తమాషా తెప్పిస్తా".

ఆ తమాషా ఏమిటంటే, వాళ్ల ఇంటి వెనక సందులో ఒక 'ఇజకాయ' ఉంది. ఇజకాయ అంటే మొదట్లో సాకే అనే బియ్యపు మద్యం అమ్మే కొట్టట. కొన్న మనిషి ఇంటికి పోకుండా అక్కడే నిలబడి తాగడం, దానికి తోడు కొట్టువాళ్లు నంజుకోవడానికి ఏదో ఒకటి పెట్టడం, అలా అలా అది తిండి దొరికే చోటుగా మారింది. గుమ్మానికి ఎర్ర కాగితపు లాంతరు వేలాడుతుంది. ఆఫీసులు వదిలాక ఉద్యోగులంతా చేరేది అక్కడే. మధ్యాహ్నం పూట మాత్రం భోజనాలు పెడతారు. రెండున్నరకు భోజనాల వేళ అయిపోయాక వండినదాంట్లో ఏం మిగిలితే అది డబ్బాల్లో సర్ది సగం ధరకు ఇస్తారు. లోపల ఏముందో అడగకూడదు. కొన్నవాళ్లకు ఇంటికి వెళ్లి మూత తీసేదాకా తెలియదు. 'ఒమకసే' అంటారు, అంటే 'మీకే వదిలేశాం, మీ ఇష్టం' అని. ఫోనులో ముందుగా చెప్పి ఉంచితే చాలు. పెద్దకూర, పందిమాంసం వద్దని మరదలు ముందే రాసి పెట్టింది. అంతవరకు మన ఇష్టం, మిగతాది వాళ్లిష్టం.

పసివాణ్ని వదిలి మరదలు రాలేదు కనుక డబ్బా తేవడానికి నేనే బయల్దేరాను. చెప్పొద్దూ, గుమ్మం దగ్గర రెండు నిమిషాలు నిలబడిపోయాను. వనపర్తిలో టిఫిన్ హోటలుకైనా నేను ఒక్కదాన్నే వెళ్లి కూర్చున్న పాపాన పోలేదు. వెళ్తే పిల్లలతోనో మావారితోనో, అదీ 'ఫ్యామిలీ' అని రాసిన మూలకు. అలాంటిదాన్ని ఒక్కదాన్నే తాగుడు దుకాణంలోకి! గుడ్డ తెర పక్కకు జరిపి లోపలికి అడుగు పెడితే, అరవై దాటినావిడ ఒకామె కౌంటరు తుడుస్తోంది. నేను చీర కట్టుకుని ఉన్నాను కదా, పేరు అడగకుండానే పోల్చుకుంది. డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, తల వంచి ఇచ్చింది. 500 యెన్ల నాణెం ఒక్కటి ఇచ్చాను. మన లెక్కలో ఇంచుమించు 300 రూపాయలు. మూత మీద కాగితం ముక్క అంటించి ఉంది. ఏముందో రాసుంటుందని ఆశపడ్డాను. మరదలు చదివి చెప్పింది, 'ఈ సాయంత్రం 6 లోపల తినండి' అని రాశారట, అంతే.

మూత తీసేముందు ఇద్దరం చిన్నపిల్లల్లా పందెం వేసుకున్నాం. నాగర్‌కర్నూలులో బడికి వెళ్లే రోజుల్లో మధ్యాహ్నం గంట కొట్టగానే చెట్టు కింద చేరి, "నీ గిన్నెల ఏందే? నా గిన్నెల ఏందో చెప్పు సూద్దాం" అని ఆడేవాళ్లం. సగం మందివి జొన్నరొట్టె, పచ్చికారమే అయినా ఆ మూత తీసే క్షణం మాత్రం ఎప్పుడూ కొత్తే. దాదాపు 30 ఏళ్ల తర్వాత మళ్లీ అదే క్షణం.

లోపల ఏమున్నాయో చెప్తాను. అల్లం, సోయా పులుసులో నానేసి పిండిలో దొర్లించి వేయించిన కోడి ముక్కలు నాలుగు. ఉప్పు రాసి కాల్చిన సముద్రపు చేప ముక్క ఒకటి. పొరలు పొరలుగా చుట్టి కోసిన గుడ్డు అట్టు, అదీ తియ్యగా! సోయాలో ఉడికించిన గుమ్మడికాయ, మనం బెల్లం వేసి చేసే గుమ్మడికాయ పులుసులో చింతపండు మర్చిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. నువ్వులపొడి కలిపిన పాలకూర. మూలకు పసుప్పచ్చని ముల్లంగి ఊరగాయ. మధ్యలో ముద్దగా ఒత్తిన అన్నం, దాని మీద నల్లనువ్వులు. కారం అనేది మచ్చుకైనా లేదు. రెండో ముద్దకే మరదలు లేచి వెళ్లి నేను తీసుకెళ్లిన వెల్లుల్లి కారం సీసా తెచ్చింది. (శాకాహారులైన చెల్లెళ్లకు ఒక మాట. అక్కడ కూరగాయల వంటకమే కదా అని ధైర్యపడకండి. చాలావాటికి ఎండుచేప కాచిన నీళ్లే రసం.)

రుచి సంగతికేం, చేప బావుంది, తియ్యటి గుడ్డు నాకు ఎక్కలేదు. కానీ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మరదలు కంగారుపడి "కారం ఎక్కువైందా వదినా?" అంది. ఏం చెప్పను? ఏముందో నాకు తెలియని అన్నం తిని ఎన్నేళ్లయిందో అనిపించింది. ఇంట్లో మూత తీయకముందే గిన్నెలో ఏముందో, ఉప్పు ఎంత పడిందో, ఎవరు ఎన్ని ముక్కలు తీసుకుంటే నాకు ఏం మిగులుతుందో నాకు తెలుసు. అసలు పొద్దున్నే "ఈరోజు ఏం వండాలి" అన్న ప్రశ్న దగ్గరే నా ఆకలి సగం చచ్చిపోతుంది. నా ఎదుట మూతపెట్టిన గిన్నె ఉంచి "తీసి చూడు" అన్నవాళ్లు అమ్మ తర్వాత ఎవరూ లేరు.

ఇంకో సంగతి ఆ తర్వాత రాత్రి తట్టింది. నేను తిన్నది మిగిలిపోయిన అన్నమే కదా! ఇంట్లో రోజూ తినేదీ మిగిలిపోయిన అన్నమే. మరి అక్కడ నాకు కలిగిన మర్యాద ఇంట్లో ఎందుకు లేదు? తేడా ఏమిటంటే, ఆవిడ మిగిలినదాన్ని పాడుకాకముందే సర్దింది. వేళ రాసింది. ధర కట్టింది. రెండు చేతులతో ఇచ్చింది. కావాలన్నవాళ్లు కొనుక్కున్నారు, వద్దనుకున్నవాళ్లు లేదు. మన ఇళ్లలో మిగిలినది రెండోపూట దాకా గిన్నెలో ఉంటుంది, రెండోపూట ఇంట్లోని ఆడమనిషి పళ్లెంలోకి వస్తుంది. ఆమెను ఎవరూ అడగరు. ఆమె కూడా తనను తాను అడగదు.

మిగిలిపోయిన తిండి మీద జపానులో చాలా పట్టింపు ఉంది. 'మొత్తైనాయ్' అని వాళ్లకో మాట, 'అయ్యో, వృథా చేస్తున్నామే' అని. మన అమ్మమ్మలు "అన్నం పరబ్రహ్మ" అన్నట్టే ఒక్కో బియ్యపు గింజలో ఏడుగురు దేవుళ్లుంటారని వాళ్ల అమ్మమ్మలు చెబుతారట. వృథా తగ్గించడానికి 2019లో ఏకంగా చట్టమే చేశారు. అయినా 2022 ఆర్థిక సంవత్సరంలో తినదగిన తిండి 47 లక్షల టన్నులు పారేశారని వాళ్ల ప్రభుత్వమే లెక్క చెప్పింది. అందులో సగం ఇళ్ల నుంచి, సగం హోటళ్లూ దుకాణాల నుంచి. మత్సుమోతో అనే ఊరి పురపాలక సంఘమైతే 2011 నుంచి విందులకు ఒక పద్ధతి పెట్టింది. విందు మొదలైన 30 నిమిషాలు, ముగిసేముందు 10 నిమిషాలు అందరూ తమ చోట్లలో కూర్చుని ప్లేట్లు ఖాళీ చేయాలి. ఆ తర్వాతే కబుర్లు, తిరుగుళ్లు. ఇది చదివినప్పుడు మన పెళ్లిళ్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మన దగ్గర పెళ్లివారింటి ఆడవాళ్లు కూర్చునేదే నాలుగు గంటలకు. అప్పటికి బగారన్నం ఉంటుంది, కూరలో ముక్క ఉండదు. అవతల డేగిశలకు డేగిశలు మిగిలినవి గోడ పక్కన పోస్తుంటారు!

ఐక్యరాజ్య సమితి వాళ్లు 2024లో వేసిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిసి 105 కోట్ల టన్నుల తిండి పారేసింది. అందులో నూటికి 60 వంతులు ఇళ్ల నుంచే. మన దేశంలో ఇళ్ల నుంచి తలకు ఏడాదికి 55 కిలోలట. చెత్తబుట్టలో పడింది తూకం వేశారు, బాగానే ఉంది. చెత్తబుట్టలో పడకుండా మన కడుపుల్లో పడింది ఎవరు తూకం వేస్తారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. దానికి కారణాలు అనేకం, కాదనను. కానీ అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన ఆకుకూర నీళ్లూ, పులుసులో ముక్క లేని రసమూ తిని రక్తం ఎక్కడినుంచి పట్టుకురమ్మంటారు?

తిరిగి వచ్చానా, ఇంట్లో ఇంకో తమాషా. ఫ్రిజ్ తీస్తే అద్దంలా ఉంది. 20 రోజుల్లో ఒక్క గిన్నె మిగల్లేదు. 'ఫరవాలేదే, నేను లేకపోతే సరిగ్గా కొలిచి వండుకున్నారు' అని మురిసిపోయాను. రాత్రి అత్తమ్మ మాత్రలు చూస్తే అరుగుదల మాత్రల అట్ట ఒకటి సగం ఖాళీ. ఏమిటని అడిగితే మొదట దాటేసింది. మా అమ్మాయి నోరు జారింది, "నాన్నమ్మ రోజూ రాత్రి పొద్దటి అన్నమే తిన్నదమ్మా. మేం వేడివి తిన్నం".

అమ్మాయి పదో తరగతి. అబ్బాయి ఏడు. తండ్రికి నలభై ఐదు. ముగ్గురు వేడన్నం తింటుంటే 68 ఏళ్ల మనిషి, షుగరు ఉన్న మనిషి, మధ్యాహ్నపు మెతుకులు తిన్నది. ముగ్గురిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరికీ అది కనపడలేదు, అంతే. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలుసా? నా మీదే. 17 ఏళ్లుగా ఆ పళ్లెంలో నేను తింటున్నాను కనుకే అది అక్కడ ఉంది. నేను లేచి వెళ్లగానే ఆమె కూర్చుంది. రేపు మా అమ్మాయి ఏ ఇంట్లోనో కూర్చుంటుంది.

"ఎందుకు తిన్నరత్తమ్మా, పారేస్తే ఏమైతది?" అన్నాను. "పారేస్తే పాపం గాదె? కరువుల గంజి కోసం గిన్నె వట్టుకొని లైన్ల నిలవడ్డదాన్ని. నువ్ సూడలే" అంది. పాలమూరులో పుట్టినవాళ్లకు ఆ మాటకు ఎదురు చెప్పే నోరుండదు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా మట్టి మోసింది మన జిల్లా కూలీలే అంటారు, అంత ఆకలి చూసిన నేల. ఆమె పాపం అన్నది ఊరికే అన్న మాట కాదు. పారేయొద్దన్నది నిజమే. కానీ పారేయకుండా ఉండే బాధ్యత మొత్తం ఒక్క కడుపే ఎందుకు మొయ్యాలన్నదే నా గొడవ.

నా స్నేహితురాలు ఒకామె ఈ మాట వినగానే, "ప్రతిదాన్నీ త్యాగం చెయ్యకే తల్లీ. నాకు నిన్నటి చేపల పులుసే ఇష్టం" అంది. నిజమే, చేపల పులుసు మర్నాడే బావుంటుంది. చద్దన్నం సంగతీ వేరు. రాత్రే నీళ్లో మజ్జిగో పోసి, పులియబెట్టుకుని, ఉల్లిపాయతో తినేది కావాలని చేసుకున్న తిండి. వండిన అన్నం పొద్దుటి నుంచి రాత్రిదాకా వేడిలో బయట పెట్టి, మళ్లీ వేడిచేస్తే పోతుందిలే అనుకోవడం వేరు. అన్నంలో పెరిగే ఒక రకం క్రిమి వదిలే విషం మళ్లీ కాచినా పోదు. రెండు గంటల్లోగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ఇష్టపడి తినడానికీ, అడిగే దిక్కులేక తినడానికీ మధ్య తేడా తినేవాళ్లకే తెలుస్తుంది, మన నాలుక మనకు అబద్ధం చెప్పదు.

ఇంతవరకు మగవాళ్లను అన్నాను, సరే. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి సంగతి కూడా చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. మేం తినలేనిది ఆమెకు కట్టి ఇవ్వడం నాకు అలవాటు. ఇస్తున్నప్పుడు నా మనసులో కాస్త గొప్పగా కూడా ఉండేది, దాచుకోవడమెందుకు. జపాను ముచ్చట్లు చెబుతూ 'వేళ రాసి ఇస్తారు తెలుసా' అంటుంటే గిన్నెలు తోముతున్నది ఆగి, "అక్కా, ఒక మాట చెప్త, ఏమనుకోవద్దు. పొద్దుటిది పొద్దుగాలనే ఇయ్యి. మాపటికి ఇస్తే మా పిల్లగాండ్లు తింటలేరు, బర్రెకు పోస్తున్న" అంది. "మరి ఇన్నాళ్లు చెప్పలేదేం?" అంటే, "ఇచ్చేదాన్ని వద్దంటే మీకు కోపమొస్తదని" అంది. ఆరోజు నాకు అన్నం సహించలేదు. మూడేళ్లుగా నేను బర్రెకు దానం చేస్తూ పుణ్యం రాసుకుంటున్నానన్నమాట! మాకు పడని కూర ఆమెకు ఎలా పడుతుందనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మార్చాం. పొద్దుటిది ఏదైనా మిగిలితే అది రాత్రి బల్ల మధ్యలో, వేడన్నం పక్కనే ఉంటుంది. అందరి పళ్లాల్లోకి తలా ఇంత. మొదటి వారం మావారు ముఖం చిట్లించారు. "ఇది పొద్దటిదా?" అన్నారు. "అవునండీ, నేను 17 ఏళ్లుగా తింటున్నదే" అన్నాను. మరి మాట్లాడలేదు. రెండో వారానికి ఒక వింత జరిగింది. మిగలడమే తగ్గింది! పొద్దున్నే అబ్బాయి వంటింట్లోకి తొంగిచూసి "అమ్మా, బియ్యం తక్కువ పొయ్యి" అంటున్నాడు. ఎన్ని వ్యాసాలు చదివినా నాకు రాని కొలత, రాత్రి రెండు ముద్దలు తినేసరికి వాడికి వచ్చేసింది.

శనివారం రాత్రి నేను వండను. ఏం పెడతారో నాకు చెప్పకూడదు. ఒక వారం మాడిన ఉప్మా, ఇంకో వారం బ్రెడ్డు, జాము. నోరెత్తకుండా తిన్నాను. గద్వాల వెళ్లి వస్తూ మావారు జూరాల డ్యాం దగ్గర ఆగి వేయించిన చేపలు కట్టించుకొచ్చారొకసారి. పొట్లం నా ముందు పెట్టి "తీసి చూడు" అన్నారు. నూనె మరకా, వాసనా ముందే చెప్పేశాయి, అయినా తెలియనట్టే విప్పాను.

మా వీధి చివర కర్రీ పాయింట్ నడిపే ఆమెకు కూడా ఈ డబ్బా కథ చెప్పాను. రాత్రి తొమ్మిదిన్నరకు మిగిలిన కూరలు ఏం చేస్తారని అడిగితే, "ఏముంది, ఇంటికి తీస్కపోయి నేనే తింట. ఇంకా మిగిల్తే పారవోస్త" అంది. వ్యాపారం చేసినా కథ అదే చూడండి! సగం ధరకు పొట్లాలు కట్టి అమ్మరాదా అన్నాను. ఆమె నవ్వి, "ఎవరితోనన్న అంటే నవ్వుతరక్కా. మిగిలింది అంటే మన దగ్గర పాసిపోయింది అనుకుంటరు. ఒకవేళ అమ్మిన్ననుకో, రేపటి సంది అందరు తొమ్మిదిన్నరకే వస్తరు. ఏడు గంటలకు నా దగ్గరికి ఎవరొస్తరు?" అంది. నా దగ్గర జవాబు లేదు. జపాను దుకాణంలో రోజుకు నాలుగైదు డబ్బాల కంటే ఇవ్వరని చెప్పాను. "ఆఁ, సూద్దాం" అంది, చూసేలా అనిపించలేదు.

పోయిన నెల ఒక రాత్రి మందుల షాపు నుంచి వస్తుంటే పిలిచింది. షట్టరు సగం దించి ఉంది. నల్ల కవరులో నాలుగు పొట్లాలు, దారంతో ముడేసి, ఒక్కోదాని మీద పెన్నుతో '10 లోపల' అని రాసి ఉంది. మూడు అప్పుడే హాస్టలు పిల్లలు తీసుకుంటామన్నారట, నాలుగోది నాకని ఉంచిందట.

"ఏమున్నదమ్మా?" అన్నాను.

"చెప్ప. ఇంటికి పోయి సూస్కో" అంది. 20 రూపాయలు తీసుకుంది, పైసా తగ్గించలేదు.